‘ఐడియా బాగుందమ్మా, కానీ రిస్కు’

ప్రశ్న: నమస్తే సార్. విజయవాడలో ఒక చిన్న యాడ్ ఏజెన్సీలో కాపీరైటర్‌గా పనిచేస్తున్నాను. మా క్లయింట్లంతా లోకల్‌వాళ్లే: బట్టల షాపులు, పచ్చళ్ల కంపెనీ, ఆసుపత్రులు, వెంచర్లు. కాస్త కొత్తగా ఏం రాసినా ‘ఐడియా బాగుందమ్మా, కానీ రిస్కు’ అని పక్కన పెట్టేస్తున్నారు. ఈ ఏడాది పోయినవాటిలో మూడు మాత్రం మనసులోంచి పోవడం లేదు. పచ్చళ్ల కంపెనీకి ‘మా ఆవకాయ మీ అమ్మ పెట్టినంత బాగుండదు’ అని హోర్డింగ్ రాశాను. ఓనర్‌గారి అబ్బాయికి తెగ నచ్చింది. పెద్దాయన మాత్రం కాగితం మడిచి పక్కన పెట్టి, ‘మన సరుకు బాగోదని మనమే చెప్పుకోవడం ఏంటమ్మా’ అన్నారు. పట్టుచీరల షాపుకి పెళ్లిళ్ల సీజన్ యాడ్‌లో రెండో పెళ్లి చేసుకుంటున్న అమ్మాయిని, పక్కన ఆమె కూతుర్ని చూపిద్దామన్నాను. ‘శుభమా అని పెళ్లి చీరలు అమ్ముకుంటుంటే ఇదేం గోల’ అన్నారు. గుండె ఆసుపత్రికి ‘మీ నాన్నకి ఇంకెన్నాళ్లుందో తెలుసా?’ అని రాస్తే డాక్టర్‌గారు కింద లైన్లు చదవకుండానే వద్దన్నారు. మా బాస్ ‘వాళ్లేది అడిగితే అది ఇచ్చెయ్, మనకి బిల్లు పాసవ్వాలి’ అంటారు. చివరికి ఆఫర్ శాతం పెద్దక్షరాల్లో, హీరోయిన్ ఫొటో, బ్రాంచీల ఫోన్ నంబర్లు, అంతే. వద్దన్న యాడ్స్‌ని లోగోలతో సహా ఇన్‌స్టాలో పెట్టెయ్, ముంబయి ఏజెన్సీల కంట్లో పడతావు అని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. క్లయింట్లని ఒప్పించే దారేమైనా ఉందా, లేక నేనే ఊరు మారాలా? (పేరు వద్దు, విజయవాడ)

సమాధానం: ముందు ఇన్‌స్టా సంగతి తేల్చేద్దాం. ఉత్తరం చూస్తే ఈ రాత్రికే పెట్టేసేలా ఉన్నారు. పెట్టకండి.

2013 మార్చిలో ఫోర్డ్ ఫిగో కారు పోస్టర్లు కొన్ని నెట్‌లోకి వచ్చాయి. చేసింది మన దేశంలోని జేడబ్ల్యూటీ ఏజెన్సీవాళ్లు. కారు డిక్కీ ఎంత పెద్దదో చెప్పడానికి, అందులో కాళ్లూ చేతులూ కట్టేసి నోటికి గుడ్డ కుక్కిన ఆడవాళ్ల బొమ్మలు వేశారు. ముందు సీట్లో ఇటలీ మాజీ ప్రధాని బెర్లుస్కోనీ కార్టూన్ నవ్వుతూ ఉంటుంది. ఫోర్డ్ వాటిని ఒప్పుకోలేదు, ఏ పేపర్లోనూ వేయలేదు. ఏజెన్సీవాళ్లే తమ పనితనం చూపించుకోవడానికి యాడ్స్ పెట్టుకునే ఒక వెబ్‌సైట్‌లో పెట్టారు. జనం తిట్టింది మాత్రం ఫోర్డ్‌ని. ఫోర్డ్ క్షమాపణ చెప్పుకుంది, ఏజెన్సీ పైసంస్థ కూడా చెప్పుకుంది, కొందరి ఉద్యోగాలు పోయాయి. మీ యాడ్స్ అంత చెత్తవి కావు, ఒప్పుకుంటాను. కానీ లోగో ఉంటే చూసేవాళ్లకి అది ఆ షాపు అన్న మాటే. వద్దని మొహం మీదే చెప్పిన మాటని తీసుకెళ్లి ఆ చీరల షాపాయన నోట్లో పెట్టకూడదు కదా. పైగా ఆఫీసులో చేసిన పని ఆఫీసుదే అని మీ అపాయింట్‌మెంట్ లెటర్లో ఎక్కడో ఒక లైను ఉండే ఉంటుంది, తీసి చూసుకోండి. పోర్ట్‌ఫోలియోకి కావాలంటే బాస్‌ని అడిగి, లోగో తీసేసి, కంపెనీ పేరు మార్చి, ‘క్లయింటు ఒప్పుకోని పని’ అని పైనే రాసి, ఇంటర్వ్యూకి పిలిచినవాళ్లకి మాత్రం చూపించండి. ఉద్యోగం ఇచ్చేవాళ్లు చూసేది మీ బుర్ర పనిచేసిన తీరు. లోగో ఉన్నా లేకపోయినా వాళ్లకి ఒకటే.

ఇక అసలు విషయం. ముగ్గురూ ‘రిస్కు’ అనే అన్నారు కాబట్టి మీరు మూడింటినీ ఒకే గాటన కట్టేశారు. ముగ్గురి భయం ఒకటి కాదు. క్లయింటు ‘రిస్కు’ అనగానే మనం ‘వీళ్లకి టేస్టు లేదు’ అనుకుంటూ ల్యాప్‌టాప్ మూసేస్తాం. అప్పుడే ఇంకో నిమిషం కూర్చుని, ‘ఇది వేస్తే ఎవరేమంటారని మీ అనుమానం సార్?’ అని అడగాలి. జవాబులో ఎప్పుడూ ఒక మనిషి బయటపడతాడు. బావగారో, ఎదురు షాపువాడో, ఫ్రాంచైజీ తీసుకున్నవాడో, కౌంటర్లో కూర్చునే తమ్ముడో. ఆ మనిషెవరో తెలియకుండా ఐడియాని ఎంత సమర్థించుకున్నా గోడకి చెప్పుకున్నట్టే.

ఆసుపత్రి యాడ్ విషయంలో నేను డాక్టర్‌గారి పక్షం. మీకు కోపం వస్తుంది, రానివ్వండి. ఏలూరు రోడ్డులో ఆ హోర్డింగ్ కింద నుంచే ఒక కొడుకు తండ్రికి స్టెంటు వేయించి ఇంటికి తీసుకెళ్తుంటాడు. ఆ తండ్రి పక్క సీట్లోనే ఉంటాడు, ఆయనకీ చదవడం వచ్చు. మీ లైను మనిషిని బెదిరిస్తోంది. తెగువ ఉన్న యాడ్‌లో కంపెనీ ఏదో ఒకటి ఒప్పుకుంటుంది, లేదా వదులుకుంటుంది. ఇందులో ఆసుపత్రి వదులుకున్నది ఏమీ లేదు, బరువంతా చూసేవాడి మీద పడింది. ఇంకోటి కూడా మీకు తెలిసి ఉండాలి. డాక్టర్లు ప్రకటనలిచ్చి రోగుల్ని రప్పించుకోకూడదని వాళ్ల వృత్తి నియమావళి, 2002లో వచ్చినది, స్పష్టంగా చెబుతోంది. ఆసుపత్రులు హోర్డింగులు వేస్తూనే ఉన్నా, ఆ చదువు చదివొచ్చిన మనిషికి యాడ్ అనగానే లోపల కొంచెం జంకు ఉంటుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక తప్పుదోవ పట్టించే ప్రకటనకి మొదటిసారి 10 లక్షల దాకా, మళ్లీ దొరికితే 50 లక్షల దాకా జరిమానా పడొచ్చు. మీరు రాసిన లైనుకి అది వర్తిస్తుందని కాదు. ఆయన తలలో మాత్రం ఇవన్నీ తిరుగుతుంటాయి.

చూసేవాడి మీదే కాదు, గదిలో లేనివాళ్ల మీద కూడా బరువు పడుతుంటుంది. 2023 జూన్‌లో పర్యావరణ దినోత్సవానికి జొమాటో ఒక యాడ్ వేసింది. ప్లాస్టిక్ చెత్తని మళ్లీ వాడకంలోకి తెస్తున్నామని చెప్పడం వాళ్ల ఉద్దేశం, మంచిదే. అందుకోసం ‘లగాన్’ సినిమాలో కచ్రా అనే దళిత పాత్ర వేసిన నటుణ్ని తీసుకొచ్చి, దీపంగా, కాగితంగా, ఇంకా ఏవేవో వస్తువులుగా చూపించారు. కచ్రా అంటే చెత్త కాబట్టి అదొక చమత్కారం అనుకున్నారు. జాతీయ ఎస్సీ కమిషన్ నోటీసు ఇచ్చేదాకా వెళ్లింది, రోజుల్లోనే యాడ్ తీసేశారు. స్క్రిప్టు చదివినప్పుడు మీటింగ్‌లో అందరూ నవ్వే ఉంటారు. ఆ పేరుతో బతుకంతా పిలిపించుకున్నవాళ్లు ఒక్కరైనా అక్కడుంటే నవ్వు అక్కడే ఆగిపోయేది. మీ ఐడియా కొత్తగా ఉందా అని చూసుకునే ముందు, దానివల్ల నొచ్చుకునేది ఎవరో చూసుకోండి. అది క్లయింటే అయితే ఇంకాస్త పోరాడండి. వీధిలో పోయే మనిషైతే మీరే చింపేయండి.

చీరల యాడ్ దగ్గర మాత్రం నేను అటూ ఇటూ ఊగుతున్నాను. మొదట ఒక చేదు మాట: అది కొత్త ఐడియా కాదు. 2013లో తనిష్క్‌వాళ్లు సరిగ్గా అదే చేశారు, గౌరీ షిండే డైరెక్ట్ చేశారు. చామనఛాయ పెళ్లికూతురు, చిన్న కూతురు, ఏడడుగులు వేస్తుంటే నేనూ వస్తానని ఆ పాప అడగడం, పెళ్లికొడుకు పాపని ఎత్తుకోవడం. దేశమంతా మెచ్చుకుంది. మీరు చూసి మర్చిపోయి ఉంటారు, ఈ వృత్తిలో అందరికీ జరిగేదే. కానీ చూపించిన మరునిమిషం ఆయన అల్లుడో ఎవరో ఫోన్లో పాత యాడ్ తీసి చూపిస్తే మీ పరువేం కావాలి?

అదే తనిష్క్ 2020 అక్టోబర్లో ముస్లిం ఇంట్లో హిందూ కోడలికి సీమంతం చేస్తున్న యాడ్ వేసింది. సోషల్ మీడియాలో దుమారం లేచింది, వెనక్కి తీసుకున్నారు. అప్పుడు కంపెనీ ఇచ్చిన ప్రకటనలో, తమ ఉద్యోగుల, భాగస్వాముల, దుకాణాల్లో పనిచేసేవాళ్ల క్షేమాన్ని దృష్టిలో పెట్టుకుని తీసేస్తున్నామని ఉంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుకొస్తుంటుంది. ముంబయిలో స్క్రిప్టు రాసినవాళ్లకి ట్విట్టర్లో నాలుగు తిట్లు పడతాయి. షట్టర్ ఎత్తి లోపల నిలబడాల్సింది సేల్స్ పిల్లలు. టాటా పేరు వెనకున్న కంపెనీయే ఆ లెక్క వేసుకుంటే, బీసెంట్ రోడ్డులో నాన్నగారి పేరు మీద షాపు నడుపుకునే ఆయన వేసుకోడా? ఆయన ‘ఇదేం గోల’ అన్నది మొరటుగా ఉంది, నిజమే. దాని కింద ఉన్న భయం మాత్రం మొరటుది కాదు.

అయినా ఆ ఐడియాని వదిలేయమనను. పెళ్లిళ్ల సీజన్ వదిలేసి, షాపు ఖాళీగా ఉండే రోజుల్లో ఒక పూట ఆ కౌంటర్ దగ్గర కూర్చోండి. రెండో పెళ్లికి చీర కొనడానికి వచ్చేవాళ్లు ఎలా అడుగుతారో అక్కడి అమ్మాయిలని అడగండి. ‘మరీ పెళ్లికూతురి చీరలా వద్దు, ఏదో సింపుల్‌గా’ అంటూ వేళ్లు మాత్రం పెద్ద అంచు చీర దగ్గరే ఆగిపోయిన మనిషి ఒకరైనా వాళ్లకి గుర్తుంటారు. ఆ ఒక్క సంగతి చాలు, తనిష్క్ నీడ లేకుండా కొత్త యాడ్ పుడుతుంది. పైగా అది ఆయన షాపులో జరిగినది, ఆయన కాదనలేరు.

ఇప్పుడు ఆవకాయ. నేను ఈ ఉత్తరానికి జవాబు రాయడానికి కారణమే అది. మూడింటిలో అదొక్కటే నిజంగా మంచి ఐడియా, అదొక్కటే మీరు సగంలో వదిలేసినది కూడా.

1962లో అమెరికాలో ఏవిస్ అనే అద్దె కార్ల కంపెనీ ఉండేది. హెర్ట్జ్ మొదటి స్థానంలో ఉంటే వీళ్లు చాలా దూరంలో రెండో స్థానం. 13 ఏళ్లుగా లాభం మొహం చూడలేదు. డోయల్ డేన్ బెర్న్‌బాక్ ఏజెన్సీ వాళ్లకి రాసిచ్చిన యాడ్ ఇలా మొదలవుతుంది: అద్దె కార్లలో మేం రెండో స్థానమే, మరి మా దగ్గరికే ఎందుకు రావాలి? వెంటనే జవాబు: మేం ఇంకాస్త ఎక్కువ కష్టపడతాం. ఆ కింద, మురికి యాష్‌ట్రేలు మాకు కుదరవు, సగం ఖాళీగా ఉన్న పెట్రోలు ట్యాంకులు కుదరవు, అరిగిపోయిన వైపర్లు కుదరవు అంటూ చిట్టా. ఏడాది తిరిగేసరికి కంపెనీ లాభాల్లోకి వచ్చింది.

ఈ కథ చెప్పేవాళ్లంతా ‘మేం రెండో స్థానం’ అని ఒప్పుకున్న తెగువ గురించే చెబుతారు. డబ్బులు తెచ్చింది యాష్‌ట్రేలు. ఒప్పుకోలు విని కస్టమర్ ఒక్క క్షణం ఆగుతాడు, ఆ క్షణంలో అతని చేతిలో ఏదో ఒకటి పెట్టాలి. మీ హోర్డింగ్ చూడండి: ‘మా ఆవకాయ మీ అమ్మ పెట్టినంత బాగుండదు’. చదివినవాడు నవ్వుకుంటాడు, అవును కదా అనుకుంటాడు, అమ్మకి ఫోన్ చేస్తాడు. మరి పెద్దాయన అమ్మే సీసా ఎప్పుడు కొంటాడు? మీ లైనులో ఆ సంగతి లేదు. కాగితం మడిచి పక్కన పెట్టినాయనకి వ్యాపారం తెలియక కాదు, తెలిసే పెట్టారు.

మన దగ్గరే చూడండి. లలితా జ్యువెలరీ కిరణ్ కుమార్‌గారు కెమెరా ముందుకొచ్చి ‘డబ్బులు ఎవరికీ ఊరికే రావు’ అంటూ, మా రేటు చూసుకోండి, వేరే షాపుల్లోనూ అడగండి, పోల్చి చూసుకుని కొనండి అంటారు. ఇదే మాటని ఏ ఏజెన్సీ అయినా ఇంకో నగల షాపాయన ముందు పెడితే, ‘గడపలోకి వచ్చిన కస్టమర్ని నేనే పక్క షాపుకి పంపాలా’ అని బయటికి నడిపించేవాడు. ఆ యాడ్ మీద పిల్లలు జోకులేశారు, మీమ్స్ చేశారు, అయినా తెలుగునాట ఆ వాక్యం రానివాళ్లు లేరు. అదెందుకు నిలబడింది? తరుగు మీద ఫలానా లెక్క ఇస్తానన్న నమ్మకం ఆ మాటకి వెనకుంది. ఆ లెక్కే లేకపోతే అలాంటి యాడ్ వేసినవాడు వారంలో నవ్వులపాలవుతాడు. తెగువ కాపీరైటర్ టేబుల్ మీద పుట్టలేదు, షాపు ఖాతా పుస్తకంలో పుట్టింది.

కాబట్టి పచ్చళ్ల కంపెనీకి ఏ లెక్క ఉందో వెతకండి. నాకైతే ఒకటి కనిపిస్తోంది. అమ్మ పెట్టిన ఆవకాయ ఎంత బాగున్నా దానికో లోపం ఉంది, అయిపోతుంది. వేసవి సెలవులకి వెళ్లొస్తూ తెచ్చుకున్న సీసా అమీర్‌పేట హాస్టల్లో దసరా దాకా ఆగదు. రూమ్మేట్లంతా తలా గరిటె వేసుకుంటారు. చివరికి సీసా అడుగున ఎర్ర నూనె, ఒక టెంక ముక్క మిగులుతాయి. అప్పుడు పిల్లాడు వేడన్నం నేరుగా సీసాలోనే వేసి, చెంచాతో గోడలు గీకి, కలుపుకుని తింటాడు. మీ క్లయింటు వ్యాపారమంతా ఆ రాత్రి నుంచి మళ్లీ సంక్రాంతికి ఊరెళ్లేదాకా ఉన్న నెలల్లోనే ఉంది. ఆ సీసా ఫొటో పెట్టి ఇలా రాసి చూడండి:

‘మా ఆవకాయ మీ అమ్మ పెట్టినంత బాగుండదు. అందుకే ఆ సీసా అయిపోయేదాకా ఆగాం.’

ఇంతకంటే మంచిది మీరు రాయగలరు, నాది నమూనా మాత్రమే. రెండో వాక్యంతో ఏం మారిందో చూడండి. అమ్మతో పోటీ పడలేదు, అమ్మ తర్వాతి స్థానం అడిగారు. ఊళ్లో ఉన్న మిగతా పచ్చళ్ల కంపెనీలన్నీ ‘అచ్చం అమ్మ చేతి రుచి’ అని రాసుకుంటుంటే, చదివేవాళ్లెవరూ నమ్మని ఆ మాటని మీరొక్కరే వదిలేశారు.

ఇక పెద్దాయన. ‘మన సరుకు బాగోదని మనమే చెప్పుకోవడం’ అన్నారంటే ఆయనకి నష్టం భయం కంటే అవమానం ఎక్కువ అనిపిస్తోంది. ఎండలో నూజివీడు తోటలు తిరిగి కాయ ఎంచుకుని, గుంటూరు యార్డులో మిర్చి నలిపి వాసన చూసి కొన్న మనిషి అయ్యుంటారు. నిన్నగాక మొన్న వచ్చిన అమ్మాయి తన సరుకు బాగోదని రాసుకొచ్చింది! లేఅవుట్ చూపించే ముందు ఆయన్ని ఒక ప్రశ్న అడిగి ఉండాల్సింది: ‘సార్, మీ ఇంట్లో భోజనంలోకి ఏ ఆవకాయ?’ పచ్చళ్ల కంపెనీ ఓనర్లలో ఎక్కువమంది ఇంట్లో తినేది ఇల్లాలు పెట్టినదే అని నా పందెం. ఆయన నవ్వితే యాడ్ సగం అమ్ముడైనట్టు. ‘మరి ఆవిడ పెట్టింది అయిపోతే?’ అని అడగండి, మిగతా సగం ఆయనే చెబుతారు. ఒకవేళ ‘మా కంపెనీదే తింటాం’ అంటే ఇంకా మంచిది, అదే కొత్త యాడ్.

అబ్బాయికి నచ్చినా తండ్రి దగ్గర ఎందుకు ఆగిపోయిందో కూడా ఆలోచించండి. మీరు ప్రొజెక్టర్ పెట్టి, నేపథ్యం చెప్పి, చివర్లో లైను బయటపెట్టి ఉంటారు. అబ్బాయి మాత్రం రాత్రి భోజనాల దగ్గర ఫోన్లో ఒక బొమ్మ చూపించి, ‘ఇది నాన్నా ఐడియా’ అని ఉంటాడు. ఆ బొమ్మకి మీ నోరు లేదు. మధ్యలో ఉండే మనిషి పై మనిషికి ఏం చెప్పుకోవాలో మనమే రాసివ్వాలి. తెల్ల కాగితం మీద నాలుగు లైన్లు చాలు: ఎవరికోసం, ఏ నెలల్లో, ఎంత ఖర్చు, బాగోకపోతే ఎప్పుడు తీసేస్తాం. పెద్ద కంపెనీల్లోనూ ఇంతే. 2007లో ఇంగ్లండ్‌లో క్యాడ్‌బరీ డెయిరీ మిల్క్ యాడ్ ఒకటి వచ్చింది: గొరిల్లా డ్రమ్స్ వాయిస్తుంది, చివరిదాకా చాక్లెట్ కనిపించదు. దాన్ని ఇష్టపడిన మార్కెటింగ్ డైరెక్టర్ సొంత కంపెనీలో పైవాళ్లని ఒప్పించడానికి నెలలు పట్టింది. ఆయన అంత పట్టు పట్టకపోతే ఆ యాడ్ బీరువాలోనే ఉండేది.

‘బాగోకపోతే ఎప్పుడు తీసేస్తాం’ అన్న లైను మాత్రం వదిలేయకండి. మీరు ఏకంగా హోర్డింగ్ అడిగారు. హోర్డింగ్ అంటే ఆయన బంధువులందరూ చూసేది. దానికి బదులు, ముందు హైదరాబాద్‌కి వెళ్లే సీసాల మీద ఒక బ్యాచ్‌కి స్టిక్కర్ వేయమనండి. లేదంటే అమీర్‌పేట, కూకట్‌పల్లి హాస్టళ్ల పక్క కిరాణా షాపుల్లో చిన్న పోస్టర్. అమెరికా పార్సిళ్లు ఉంటే వాటిలో ఒక కార్డు పెట్టొచ్చు, అమ్మ సీసా అయిపోయిన బాధ అక్కడివాళ్లకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఎవరైనా ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుకుంటే పెద్దాయన దాకా అదే వస్తుంది. రాకపోతే స్టిక్కర్ ఖర్చుతో పోయింది, ఆయన పరువు ఎక్కడికీ పోలేదు.

క్లయింటు దగ్గర, ఆపిల్ కంప్యూటర్ కంపెనీ 1984లో వేసిన యాడ్ కథ మాత్రం చెప్పకండి, అందరూ చెబుతారు. ఆపిల్ బోర్డు సభ్యులకి అది నచ్చలేదు, కొన్న టీవీ సమయాన్ని తిరిగి అమ్మేయమన్నారు, ఏజెన్సీ 30 సెకన్ల స్లాటు అమ్మేసి 60 సెకన్లది ఉంచేసింది, అది సూపర్ బౌల్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ మ్యాచ్‌లో ప్రసారమై చరిత్ర అయింది. బాగుంది. అదే ఆపిల్, అదే షియాట్ డే ఏజెన్సీ, మరుసటి ఏడాది అదే సూపర్ బౌల్‌లో ‘లెమింగ్స్’ అనే యాడ్ వేశారు. కళ్లకి గంతలు కట్టుకున్న ఆఫీసు ఉద్యోగులు వరసగా కొండ అంచు మీంచి దూకేస్తుంటారు. కంప్యూటర్లు కొనాల్సింది ఆ ఉద్యోగులే! వాళ్లని మూర్ఖులని అన్నట్టయింది, యాడ్ ఘోరంగా తన్నింది. ఇది చెప్పకుండా మొదటిది మాత్రమే చెప్పేవాణ్ని ఏ తెలివైన క్లయింటూ నమ్మడు. రెండూ చెబితే మీరు అటువైపు నుంచి కూడా ఆలోచిస్తున్నారని అర్థమవుతుంది.

మీ బాస్ గురించి. ‘అడిగింది ఇచ్చెయ్’ అనే బాస్‌ని తిట్టుకోవడం తేలిక. నెలాఖరుకి అందరి జీతాలూ ఆ ఆఫర్ యాడ్స్ మీదే వస్తున్నాయి, ఆషాఢం సేల్ ఫ్లెక్సీ చూసి జనం నిజంగానే షాపుకి వస్తారు. కాబట్టి అడిగింది ముందు చేయండి, శ్రద్ధగా చేయండి, మీటింగ్‌లో ముందు అదే చూపించండి. క్లయింటు ఊపిరి పీల్చుకున్నాక రెండోది తీయండి. దానికి ముందు ఒక పని: బెంజ్ సర్కిల్ నుంచి రామవరప్పాడు రింగు దాకా బట్టల షాపుల హోర్డింగులన్నీ ఫొటోలు తీసి, ప్రింటు వేసి, షాపుల పేర్ల మీద కాగితం అతికించి, ‘సార్, ఇందులో మనది ఏది?’ అని అడగండి. హీరోయిన్ మొహాలు, శాతాలు, బంగారు రంగు అక్షరాలు. ఆయన కాసేపు వెతుక్కుంటారు. కొత్తగా చేస్తే ఉన్న రిస్కు అందరికీ కనిపిస్తుంది. అందరిలా చేస్తే పోతున్న డబ్బు అలా వెతుక్కున్నప్పుడే ఆయనకి కనిపిస్తుంది.

ఒప్పందం సంగతి కూడా చెప్పాలి. ఏవిస్ అధ్యక్షుడు రాబర్ట్ టౌన్‌సెండ్ ఆ యాడ్స్ మొదలుపెట్టే ముందు కంపెనీలో అందరికీ ఒక కాగితం రాసిచ్చాడు. ఏజెన్సీ ఇచ్చిన యాడ్‌ని ఒప్పుకుంటాం, లేదా కాదంటాం, బాగు చేయడానికి మాత్రం ప్రయత్నించం అని. మీ క్లయింట్లు ఇవాళే అలా సంతకం పెట్టరు. మన దేశంలో అంతకంటే పెద్ద స్వేచ్ఛ అమూల్ దగ్గర దొరికింది. 1966లో ఆ చుక్కల గౌను పాపని తయారుచేసిన సిల్వెస్టర్ డకూన్హా, వార్తల మీద వేసే హోర్డింగులకి ముందస్తు అనుమతి అక్కర్లేకుండా అమూల్‌ని నడిపే కురియన్‌గారిని ఒప్పించుకున్నారు. సత్యం కంప్యూటర్స్ కుంభకోణం బయటపడ్డప్పుడు 2009లో ‘సత్యం శరం స్కాండలం’ అని వేయగలిగారంటే ఆ స్వేచ్ఛ వల్లే. గమనించాల్సింది, డకూన్హా ఊరికే ‘నన్ను నమ్మండి’ అనలేదు. వార్త పాతబడేలోగా బోర్డు ఎక్కాలి, అనుమతుల కోసం తిరిగితే వెన్న కరిగిపోతుంది. స్వేచ్ఛ అడగడానికి ఆయన దగ్గర క్లయింటుకి పనికొచ్చే కారణం ఉంది. మీరూ చిన్నదొకటి అడగండి: పచ్చళ్ల కంపెనీ ఇన్‌స్టా పేజీలో వారానికి ఒక్క పోస్టు మీ ఇష్టం. పండగలు, క్రికెట్, కరెంటు కోత, ఏదైనా. అది కొన్నాళ్లు గొడవ లేకుండా నడిస్తే హోర్డింగ్ అడిగే నోరు మీకు వస్తుంది.

ఊరు మారడం గురించి: వెళ్లాలనిపిస్తే వెళ్లండి, ముంబయిలో నేర్చుకునేది చాలా ఉంది. క్లయింట్లు ఒప్పుకుంటారని మాత్రం వెళ్లకండి. అక్కడ కాదనే మనుషులు ఇంకో నాలుగు అంతస్తులు ఎక్కువ ఉంటారు, వాళ్ల పేర్లు కూడా మీకు తెలియవు. ఇక్కడ కాగితం మడిచిన మనిషి మీ ఎదురుగా కూర్చుని ఉన్నారు, ఫోన్ చేస్తే ఎత్తుతారు.

ఆయన దగ్గరికి మళ్లీ వెళ్లేది ఆగస్టులో పెట్టుకోండి. సీసాలు ఖాళీ అవడం మొదలయ్యేది అప్పుడే, దసరాకి స్టిక్కర్లు వేయడానికి టైమూ ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం గుమ్మం తొక్కకండి, కాయ లారీలు దిగుతున్నప్పుడు ఆయన సొంత కొడుకు మాటే వినరు.